శశిరేఖ నుంచి సుమతి దాకా

సినిమా పిచ్చి ఉన్న ఆడవాళ్ళలో రెండు రకాలు. హాయిగా ఏడిపించే సినిమా కావాలనేవాళ్ళు ఒక రకం. కళ్ళు తిరిగే వింతలు కావాలనేవాళ్ళు రెండో రకం. నేను ఈ రెండో రకం. బి.ఏ. చదివి, నవలలు రాసుకునే మనిషి, నలభై దాటిన ఇల్లాలు, కుటుంబ కథా చిత్రం చూసి నాలుగు కన్నీటిబొట్లు రాల్చకుండా ఈ మాంత్రికులేమిటి, ఎగిరే మంచాలేమిటి, కాలంలో ప్రయాణం చేసే యంత్రాలేమిటి అని మా బంధువులు వెనకాల నవ్వుకుంటూంటారు. నవ్వుకోనివ్వండి. మనసులో పైకి చెప్పుకోలేని కోరికలన్నీ మాయల సినిమాలోనే బయటపడతాయని నా నమ్మకం.

ఈ పదేళ్ళ నుంచీ తెలుగు సినిమాకి మళ్ళీ మాయ పట్టుకుంది. 2015లోనూ 2017లోనూ ‘బాహుబలి’ రెండు భాగాలు వచ్చాయి. 2022లో ‘ఒకే ఒక జీవితం’ వచ్చింది. 2024 సంక్రాంతికి ‘హనుమాన్’, ఆ ఏడే జూన్ నెలలో ‘కల్కి 2898 ఏడీ’ వచ్చాయి. అన్నీ చూశాను. కొన్ని రెండుసార్లు చూశాను. చూసినకొద్దీ నా బుర్రలో ఒక ప్రశ్న తొలవటం మొదలెట్టింది. మాయలో కోరిక తీరటమన్నది ఉంటుంది కదా, మరి ఈ కథల్లో “నీకేం కావాలి?” అని అడిగేదెవరిని? జవాబు కోసం పాత సినిమాలన్నీ మళ్ళీ ఒకసారి తిరగేయాల్సి వచ్చింది.

మొదట ‘పాతాళ భైరవి’. 1951లో విజయా వారు తీశారు. నాగిరెడ్డి, చక్రపాణి అప్పటికే, 1947లోనే, ‘చందమామ’ పత్రిక మొదలెట్టి ఉన్నారు. పిల్లల పుస్తకంలో ఉండే అద్భుతాన్ని తెర మీదికి ఎక్కించటం వాళ్ళకి కొత్త సంగతేమీ కాదు. దర్శకుడు కె.వి.రెడ్డి, రచన పింగళి నాగేంద్రరావు, కెమెరా మార్కస్ బార్ట్‌లే. తోటరాముడుగా ఎన్.టి.రామారావు, నేపాళ మాంత్రికుడుగా ఎస్.వి.రంగారావు. రాముడి తల్లిగా వేసిన సురభి కమలాబాయి మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి. 1952లో మన దేశంలో జరిగిన మొట్టమొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి దక్షిణాది నుంచి వెళ్ళిన సినిమా ఇదొక్కటే.

కథ మీకు తెలిసిందే. తోటమాలి కొడుకు రాకుమారిని ప్రేమిస్తాడు. నాతో సమానంగా సంపద తెచ్చి చూపించు, అప్పుడు పిల్లనిస్తానంటాడు రాజు. చూశారా, ఇంత జానపద కథకీ మూలం మన ఇళ్ళల్లో ఉండే ‘అంతస్తు’ గొడవే! మాంత్రికుణ్ణి బలి ఇచ్చి రాముడు ప్రతిమ సంపాదిస్తే, అందులోంచి పాతాళ భైరవి ప్రత్యక్షమై ఏం కావాలో చెప్పమంటుంది. ఆ భైరవి వేషం వేసింది గిరిజ. అడిగేది ఆడమనిషి, అడిగించుకునేది మగవాడు. మేడా, సంపదా అతడికి వచ్చాయి. ఆ వెనకాలే రాకుమారీ వచ్చింది. పాపం ఇందుమతిని మాత్రం, “అమ్మా, నీ కోరికేమిటి?” అని ఆ ప్రతిమ ఒక్కసారి కూడా అడగదు. ఎంత ఇష్టమైన సినిమా అయినా, ఈ సంగతి ఒప్పుకోక తప్పదు.

ఆరేళ్ళ తర్వాత అదే బృందం మద్రాసు వాహినీ స్టూడియోలో ఇంకో సినిమా తీసింది. 1957 మార్చి 27న విడుదలయిన ‘మాయాబజార్’. అందులో ఆ లోటు ఎంత అందంగా తీర్చారో!

శశిరేఖ కథ వ్యాస భారతంలో లేదు. జనం కల్పించుకున్న కథ. నాటకాల్లో ఆడారు, మూకీల్లోనూ టాకీల్లోనూ అంతకు ముందే తీశారు. విజయా వారి సినిమాలో ఇంకో చమత్కారం ఏమిటంటే, పాండవుల చుట్టం కథ అయి ఉండీ, పాండవులు అయిదుగురిలో ఒక్కరూ తెర మీద కనిపించరు. యుద్ధం లేదు. ఉన్నదంతా పెళ్ళి గొడవే. మేనరికం చిన్నప్పుడే అనుకున్నారు. ఈలోగా ఆడపడుచు వాళ్ళు జూదంలో ఆస్తి పోగొట్టుకున్నారు. వదినగారు ముఖం చాటేసింది. డబ్బున్న సంబంధం ఎదురుగా వచ్చింది. సుభద్ర స్థానంలోనో, రేవతి స్థానంలోనో మన ఇంట్లోనే ఎవరో ఒకరు ఉంటారు. అందుకే ఆ సినిమా చూసి, “అచ్చం మా పెద్దత్తయ్యే” అని పక్కవాళ్ళ చెవిలో గొణగని ఆడవాళ్ళు అరుదు.

ఇక మాయ సంగతి. ప్రియదర్శిని అని ఒక పెట్టె ఉంది కదా. మూత తీస్తే ఎవరికి ఏది ప్రియమో అదే కనిపిస్తుంది. బలరాముడికి దుర్యోధనుడు కనిపిస్తాడు. రేవతమ్మకి నగలు! శశిరేఖకి అభిమన్యుడు కనిపిస్తాడు. “నా మనసు ఇదీ” అని పెద్దల ముందు నోరు తెరిచి చెప్పలేని పిల్ల తరఫున పెట్టె చెప్పేసింది. ఆ క్షణం నుంచి సినిమాలో ఉన్న మాయంతా ఆ పిల్ల కోరిక చుట్టూనే తిరుగుతుంది. కృష్ణుడు ఎత్తు వేసేది అందుకే. ఘటోత్కచుడు నిద్రపోతున్న పిల్లని మంచంతో సహా ఎత్తుకుపోయేది అందుకే. చినమయ్యా, అతని శిష్యులూ ఊరికి ఊరే పుట్టించేదీ అందుకే.

ఆ మాయలు ఎలా చేశారనుకున్నారు? అప్పుడు కంప్యూటర్లా పాడా! కెమెరా ఆపటం, వస్తువు మార్చటం, మళ్ళీ తిప్పటం. ఒకే ఫిల్ము మీద రెండుసార్లు బొమ్మ తీయటం. బొమ్మల ఇళ్ళు కట్టి నిజం ఇళ్ళలా చూపించటం. ద్వారకా నగరం కోసం యాభై అడుగులకి అరవై అడుగుల స్థలంలో దాదాపు 300 చిన్న చిన్న ఇళ్ళు కట్టి, వాటికి దీపాలు పెట్టారట. నౌకా విహారం పాటలో పరుచుకున్న ఆ పిండి వెన్నెల, బార్ట్‌లే సృష్టించిన వెన్నెలే. పెళ్ళి వంటల దగ్గర లడ్లు వాటంతటవే లేచి రంగారావు నోట్లోకి వెళ్ళటం చూసి ఈనాటి పిల్లలు కూడా చప్పట్లు కొడుతున్నారు. ఏ మాయలు లేనిచోట అంతకంటే పెద్ద మాయ చేసింది సావిత్రి. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో వస్తాడు కదా, ఆ మాయా శశిరేఖని ఆవిడే అభినయించింది. పట్టుచీర కట్టిన పెళ్ళికూతురు రాక్షసుడిలా భుజాలు విరుచుకుని, రొమ్ము ముందుకి పెట్టి నడుస్తుంది. పీటల మీద కూర్చుని పెళ్ళికొడుకు కాలు నలిపేస్తుంది. నచ్చని సంబంధం చేసుకున్న ఆడపిల్లలు మనసులో ఎన్నిసార్లు ఆ పని చేసి ఉంటారో వాళ్ళకే తెలియాలి! ఆ రాక్షస నడకకి ట్రిక్కు ఫొటోగ్రఫీ ఏమీ అక్కర్లేకపోయింది.

1960, 70ల్లో ఈ మాయల దుకాణం విఠలాచార్య గారి చేతికి వచ్చింది. ఖర్చు తక్కువ, దయ్యాలెక్కువ. కత్తి పట్టే కాంతారావు, నాట్యమాడే అస్థిపంజరాలు, చిలకగా మారిపోయే రాకుమారుడు. హీరో కాల్షీట్లు దొరక్కపోతే ఆయన్ని ఏ మేకగానో మార్చేసి సినిమా పూర్తి చేస్తారని విఠలాచార్య గారి మీద ఒక హాస్యం కూడా ఉండేది. పెద్దలు ఆ సినిమాల్ని చిన్నచూపు చూశారు గానీ, 1978లో వచ్చిన ‘జగన్మోహిని’లో ఒక ఘట్టం నేను ఎన్నటికీ మరచిపోను. దయ్యం కోడలు వంట చేస్తూ, కట్టెలకి బదులు తన కాళ్ళే పొయ్యిలో పెట్టేస్తుంది! హాలంతా కెవ్వుమని, ఆ వెంటనే నవ్వుతుంది. మా అత్తగారు మాత్రం ఆ దృశ్యం గురించి చెబుతూ, “అందులో వింతేముందే అమ్మాయ్? ఆ రోజుల్లో కోడళ్ళందరూ చేసింది అదే” అంటారు. విఠలాచార్య గారు అంత అర్థం ఉద్దేశించి తీశారో లేదో గానీ, ఆడవాళ్ళకి మాత్రం చేరాల్సిన అర్థం చేరింది.

కె.వి.రెడ్డి గారి దగ్గర ‘మాయాబజార్’ రోజుల్లో సహాయకుడుగా పని చేసిన కుర్రవాడొకాయన ఉన్నారు. సింగీతం శ్రీనివాసరావు గారు. గురువు దగ్గర నేర్చుకున్న మాయని ఆయన 1991లో విజ్ఞానం వైపు తిప్పారు. అదే ‘ఆదిత్య 369’. హెచ్.జి.వెల్స్ నవలలోని కాలయంత్రం ఆలోచన తీసుకుని, బాలకృష్ణనీ మోహినినీ అందులో ఎక్కించి, 1526 నాటి విజయనగరానికి పంపారు. అక్కడ శ్రీకృష్ణదేవరాయల కొలువు, తెనాలి రామలింగడి చమత్కారాలు. అక్కడి నుంచి 2504వ సంవత్సరానికి పంపారు. యుద్ధం వల్ల భూమి పైన బతకలేక జనం నేల లోపల కాపురం పెట్టుకున్న కాలమది. పదేళ్ళ వయసులో ఆ సినిమా చూసి వచ్చి, చనిపోయిన మా అమ్మమ్మ దగ్గరికి ఆ యంత్రం వెళ్తుందా అని అడిగాను. వెళ్ళదని ఎవరూ చెప్పలేదు. యంత్రం గొప్పతనం దాని చక్రాల్లో లేదనీ, దాన్ని ఎక్కాలనుకునే మనిషి ఆశలో ఉందనీ ఆ వయసులో చెప్పటం చేతకాలేదు గానీ, తెలిసింది. 1994లో సింగీతం గారే ‘భైరవద్వీపం’ తీసి మళ్ళీ మాంత్రికుల లోకానికి వెళ్ళారు. ప్రియురాలిని బతికించటం కోసం హీరో కురూపం తీసుకుంటాడందులో. అందగాడైన హీరోని అలా చూపించటానికి దమ్ముండాలి.

ఇక ఆ తర్వాత కంప్యూటర్ వచ్చింది. 1995లో కోడి రామకృష్ణ గారి ‘అమ్మోరు’లో అత్తవారింట నలిగిపోయే కోడలి దగ్గరికి దేవతే పనిపిల్లగా వచ్చి గిన్నెలు తోముతుంది. దేవుడు వరమిస్తాడంటే ఎవరైనా నమ్ముతారు. దేవత గిన్నెలు తోమిందంటే ఆడవాళ్ళు ఏడుస్తారు! 2009లో ఆయనే ‘అరుంధతి’ తీస్తే, అందులో జేజమ్మ తన ఎముకలతోనే ఆయుధం చేయించి తర్వాతి జన్మకి దాచిపెడుతుంది. 2012లో రాజమౌళి ‘ఈగ’ తీశారు. చచ్చిపోయిన ప్రేమికుడు ఈగగా పుట్టి పగ తీర్చుకోవటం అంటే వినటానికి నవ్వొస్తుంది. కానీ ఆ ఈగకి కళ్ళజోడూ పదునైన గోళ్ళూ తయారుచేసి పెట్టేది ఎవరు? బిందు. సూక్ష్మ కళ ఆ పిల్ల విద్య. ఆవిడ చేతి పని లేకపోతే ఈగ ఉట్టి ఈగే. ఆ సినిమాకి ఉత్తమ తెలుగు చిత్రంగానూ, స్పెషల్ ఎఫెక్ట్సుకీ జాతీయ బహుమతులు వచ్చాయి. నన్నడిగితే ఈ కొత్త కాలపు మాయల్లో మొదటి మార్కు ‘ఈగ’కే. ఎందుకంటే దాని మాయ చిన్నది, కష్టం పెద్దది.

‘బాహుబలి’ సంగతి వేరు. జలపాతం, కోట, ఏనుగులు చూసి నోరు తెరిచినదాన్నే. శివగామి పసిబిడ్డని నీళ్ళపైన ఎత్తి పట్టుకున్న చెయ్యి, పాతికేళ్ళు సంకెళ్ళల్లో ఉండి శత్రువు చితికి పుల్లలు ఏరుకున్న దేవసేన మొండితనం గొప్పగా ఉన్నాయి. ఇంతా చేస్తే ఇద్దరూ పోట్లాడింది ఎవరి సింహాసనం కోసం? కొడుకుల కోసం. సరే, అది రాజుల కథ అనుకుందాం.

‘హనుమాన్’ తక్కువ ఖర్చులో ఎంత ముచ్చటగా తీశారండీ! సూర్యకాంతి ఉన్నంతసేపే శక్తి పనిచేస్తుందని ఒక నియమం పెట్టారు. మాయకి నియమం ఉంటేనే రుచి. మాంత్రికుడి గడ్డం తీసేస్తే శక్తి పోతుందన్నారు చూడండి ‘పాతాళ భైరవి’లో, అలాగన్నమాట. ఇందులో అక్క అంజమ్మ తమ్ముడి కోసం తన పెళ్ళి వాయిదా వేసుకుంటూ వస్తుంది. పెళ్ళికూతురి చీరలో కొబ్బరికాయల గెల తిప్పుతూ రౌడీల్ని చితకబాదుతుంది. హాలు దద్దరిల్లింది. కానీ చివరికి ఆవిడ చావే తమ్ముడి కోపానికి పెట్టుబడి అయింది. తమ్ముడు దేవుడంతవాడయ్యాడు సరే, ఆ అక్క కోరిక ఏమైపోయింది?

‘ఒకే ఒక జీవితం’ పెద్ద హడావిడి లేకుండా వచ్చింది. వేదిక ఎక్కాలంటే భయపడే పాటగాడు, పోయిన తల్లిని బతికించుకోవటానికి కాలయంత్రంలో 1998కి వెళ్తాడు. తల్లిగా అమల వేశారు. వెళ్ళినవాడు చూసేది ఏమిటి? వంటింట్లో తిరుగుతున్న అమ్మని. ఆవిడకి ఈ పెద్ద కుర్రాడు తన కొడుకని తెలియదు. విధిని మార్చటం అతని వల్ల కాదు. కానీ అమ్మ ముందు పాడాలన్న కొరత తీర్చుకుంటాడు. ప్రపంచాన్ని రక్షించే యంత్రాలు బోలెడు చూశాం. అమ్మని ఒక్కసారి చూసి రావటానికి యంత్రం ఎక్కినవాణ్ణి చూసి నాకు గొంతు పట్టేసింది. పదేళ్ళప్పుడు అమ్మమ్మ కోసం నేను అడిగిన ప్రశ్నే కదా అది!

ఇక ‘కల్కి’. దీని దర్శకుడు నాగ్ అశ్విన్. 2018లో సావిత్రి జీవితాన్ని ‘మహానటి’గా తీసి, ‘మాయాబజార్’ చిత్రీకరణని మన కళ్ళ ముందు పెట్టినవాడు. నిర్మించిన వైజయంతీ వారు 1990లో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ తీసినవాళ్ళు. ఈ సినిమాకి సలహాదారుగా ఉన్నది ఎవరనుకున్నారు? సింగీతం శ్రీనివాసరావు గారు! 1957 నుంచి 2024 దాకా అరవై ఏడేళ్ళు, ఒకే మనిషి ఆ మాయకీ ఈ మాయకీ వంతెన. ‘మహానటి’లో సావిత్రిగా వేసిన కీర్తి సురేష్, ఇందులో హీరో బండి బుజ్జికి గొంతు ఇచ్చింది.

కథ ఎక్కడ మొదలవుతుంది? కురుక్షేత్రంలో. అశ్వత్థామ ఉత్తర గర్భంలోని శిశువు మీదికి అస్త్రం వేసినందుకు, కృష్ణుడు అతన్ని చావు లేకుండా శపించిన చోట. ఉత్తర ఎవరు? అభిమన్యుడి భార్య. ‘మాయాబజార్’ అభిమన్యుడి పెళ్ళితో ముగిసింది. ‘కల్కి’ అభిమన్యుడి విధవరాలి గర్భంతో మొదలయింది. ఈ సంగతి తట్టినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. లడ్లూ అరిసెలూ గారెలూ తిని నవ్విన కథకి, ఆరువేల ఏళ్ళ దాకా సాగే కొనసాగింపు ఇదన్నమాట.

ఆ ఆరువేల ఏళ్ళ తర్వాతి కాశీ పట్నాన్ని ఎంత బాగా చూపించారో చెప్పలేను. నీళ్ళు లేవు, పచ్చదనం లేదు. ఆకాశంలో తలకిందులుగా నిలబెట్టిన పిరమిడ్డులాంటి భవనం, దాని లోపల సమస్త భోగాలు. అమితాబ్ బచ్చన్ అశ్వత్థామగా నిలబడితే తెర చాల్లేదు. ఆ భవనంలో ఆడపిల్లల్ని గర్భవతుల్ని చేసి, గర్భంలోంచి సారం తీసుకుంటూంటారు. వాళ్ళకి పేర్లుండవు, నంబర్లే. అందులో ఒక పిల్ల సమ్-80. పారిపోయి సుమతి అవుతుంది. దీపికా పడుకోణె వేసింది. ఆమె కడుపులో ఉన్నది భగవంతుడు.

పేరు తీసేసి నంబరు పెట్టటం చెడ్డవాళ్ళ పని అని సినిమా స్పష్టంగానే చెప్పింది. ఒప్పుకుంటాను. మరి మంచివాళ్ళేం చేశారు? ఒకరు ఆమెని కాపాడతారు, ఒకరు పట్టుకుని అమ్మేద్దామనుకుంటారు, ఒకరు దణ్ణం పెడతారు, ఒకరు ప్రాణం ఇస్తారు. అందరి కళ్ళూ ఆ కడుపు మీదే. మా అమ్మాయి ఆ యుద్ధాల గురించీ బండి గురించీ తెగ చెబుతూంటే, పక్కన కూర్చుని సినిమా అంతా చూసిన మా అత్తగారు ఒకే ఒక మాట అన్నారు. “అంతా బాగుందే తల్లీ. కానీ ఆ పిల్లకి ఏం తినాలనుందో ఒక్కరైనా అడిగారుటే?”

“అక్కడ ప్రపంచం మునిగిపోతుంటే తిండేమిటి నాన్నమ్మా!” అని నవ్వేసింది మా అమ్మాయి.

నాకు నవ్వు రాలేదు. గర్భిణిని ఏం కావాలని అడిగి పెట్టటం మన ఇళ్ళల్లో ఉన్న అతి పాత ఆచారం. చేతిలో చిల్లిగవ్వ లేని ఇంట్లో కూడా పచ్చి మామిడికాయ ముక్కయినా తెచ్చి పెడతారు. ఆ ప్రశ్న కడుపులో బిడ్డని అడిగేది కాదు, ఆ తల్లిని అడిగేది. ‘మాయాబజార్’లో ప్రియదర్శిని శశిరేఖని అడిగిందీ అదే. వందల కోట్లు పోసి ఆకాశంలో నగరం కట్టినవాళ్ళు, ఆ చిన్న పెట్టె ఒకటి తయారుచేయటం మరిచిపోయారని నా బాధ.

పాతవన్నీ బంగారం, కొత్తవన్నీ గిల్టు అనే వాదం నాది కాదు సుమండీ. పాతవాటిలో ఇందుమతి మౌనం చూశాం. కొత్తవాటిలో బిందు నైపుణ్యం చూశాం. మాయ పాతదా కొత్తదా, కెమెరాదా కంప్యూటర్‌దా అన్నది కాదు నా లెక్క. ఆ మాయ వల్ల ఎవరి కోరిక బయటపడింది, ఎవరిది లోపలే ఉండిపోయింది అన్నదే. ఇంత చరిత్ర తిరగేసినా, కథలో ఆడపిల్ల మనసుకి చోటిచ్చిన మాయే నా కళ్ళకి ఇప్పటికీ తాజాగా ఉంది. 2010లో ‘మాయాబజార్’కి రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు. రంగులు లేకపోయినా దానికి వచ్చిన లోటేమీ లేదు.

‘కల్కి’ రెండో భాగం తీస్తామన్నారు. అందులో దీపిక ఉండబోదని 2025 సెప్టెంబరులో నిర్మాతలు ప్రకటించారు. దానికి వాళ్ళ కారణాలు వాళ్ళకుంటాయి, మనకెందుకు? సుమతి వేషం ఎవరు వేసినా ఫరవాలేదు. ఒక్క సన్నివేశం మాత్రం పెట్టమని నా కోరిక. యుద్ధం ఒక్క నిమిషం ఆపండి. ఆ పిల్లని ఒకచోట కూర్చోబెట్టి, చేతికి ప్రియదర్శినిలాంటిది ఒకటి ఇవ్వండి. మూత తీస్తే భగవంతుడే కనిపిస్తాడో, ఇంకేదైనా కనిపిస్తుందో చూద్దాం. ఓ పుల్లమామిడికాయ కనిపించినా సరే, మా అత్తగారినీ వెంటబెట్టుకుని మొదటి ఆటకే వెళ్తాను.